ఆటపెట్టెలో దాగిన గొంతులు

1902వ సంవత్సరం నవంబరు నెలలో గ్రామఫోను కంపెనీ వారు పంపగా ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ధ్వనిముద్రణ నిపుణుడు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ పాటలను ముద్రించుకొని పోయినాడు. పాట ముగియగానే ఆమె ఆంగ్లంలో "నా పేరు గౌహర్ జాన్" అని బిగ్గరగా చెప్పేది. పాత రికార్డులు విన్నవారికి ఈ సంగతి తెలిసినదే. చాలామంది దానిని ఆమె దర్పమని అనుకున్నారు. నిజానికి అది పనివాళ్ళ అవసరం. ఇక్కడ తీసిన ముద్రలు జర్మనీలోని హానోవరు నగరానికి వెళ్ళి అక్కడ రికార్డులుగా అచ్చుపడేవి. అక్కడి పనివారికి మన భాషలూ రావు, మన గాయనుల గొంతులూ తెలియవు. ఏ పళ్ళెం ఎవరిదో తెలిసి చీటీ అంటించటానికి పాట చివర ఆ పేరు ఉండవలసినదే.

మన కావ్యాలలో ఆశ్వాసాంతాన వచ్చే గద్య చేసే పని కూడ ఇదే గదా! కవి పేరు, తండ్రి పేరు, గ్రంథం పేరు, ఎన్నవ ఆశ్వాసమో చెప్పి ముగించటం. తాటాకుల కట్ట తెగి ఆకులు చెదరిపోయినపుడు, ఏ ఆకు ఎక్కడిదో పోల్చుకొనటానికి ఆ గద్యలే దిక్కు. ధ్వనిని గాని, అక్షరాన్ని గాని నిలువచేయటం ఒక విద్య. నిలువచేసినది ఎవరిదో, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినదో గుర్తు వ్రాసి ఉంచటం మరొక విద్య. రెండవది లోపిస్తే మొదటిది ఉండీ లేనట్లే.

ఈ దృష్టితోనే నేను కంప్యూటరు ఆటల లోపలికి తొంగి చూచినాను. తెలుగు పండితునికి ఆటలతో పనేమిటని మీరు నవ్వవచ్చు. రాజోలు తాలూకా బడులలో ముప్పై ఏళ్ళకు పైగా ఛందస్సు చెప్పినవాణ్ణి, బాణాలు తుపాకులు నాకెందుకు? ఆటలు ఆడటం నాకు ఇప్పటికీ రాదు. కాని ఆటల వెనుక ఉన్న దస్త్రాల కట్టడం చూచినపుడు, అది నాకు పరిచయమున్న వ్యవహారమేనని తోచినది. కట్ట, ఆకు, సూచిక, గద్య, లేఖకదోషం, లుప్తభాగం — అన్నీ ఉన్నవి. భాష మాత్రమే అంకెలది.

ఇంటిలో పాత సీడీలు కొన్ని ఉండిపోయినవి. మా అబ్బాయి ఇరవై ఏళ్ళ క్రితం అమలాపురంలో చదువుకునే రోజుల్లో, గడియార స్తంభం వైపు నెట్ సెంటర్లలో గంటకింత అని ఇచ్చి, స్నేహితులతో కలిసి ఆడిన ఆటలవి. వాటిలో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే ఆట ఒకటి. 1997లో వచ్చినది. అందులో ఒక పూజారి చేతులెత్తి "వొలొలో" అని మంత్రం వంటిదేదో జపిస్తే శత్రుసైనికుడు రంగు మార్చుకొని ఇవతలి పక్షంలో చేరిపోతాడు. ఆ కూత ఆ రోజుల్లో పిల్లలందరి నోట విన్నాను. తరగతిలో నేను బోర్డు వైపు తిరగగానే వెనుక బెంచీ నుండి వినబడేది. మొన్న వేసవిలో మనుమడు వచ్చి, "తాతయ్యా, నాన్న చెప్పిన ఆ కూత ఇందులో ఉంటుందా?" అని ఆ సీడీ పట్టుకొని అడిగినాడు. ఉంటుంది గాని పాటల సీడీలో వలె పైకి కనబడదు. తవ్వి తీయాలి. ఆ తవ్వకపు చరిత్రే ఈ వ్యాసం.

మొదట కట్ట ఎందుకు కట్టవలసి వచ్చినదో చెప్పాలి. ఒక ఆటలో వేల కొద్దీ ముక్కలుంటాయి. బొమ్మలు, నేలల పటాలు, తలుపు కిర్రుమన్న చప్పుడు, మనిషి మూలుగు, సంగీతం. ఒక్కొక్కదానిని ఒక్కొక్క ఫైలుగా డిస్కు మీద పెడితే రెండు చిక్కులు. ఆనాటి డాస్ పద్ధతిలో డిస్కును సమానమైన గదులుగా విభజించేవారు. ఒక్కొక్క గదికి 8 వేలో 16 వేలో బైట్లు. అయిదు వందల బైట్ల చిన్న చప్పుడుకు కూడ గది మొత్తం ఇవ్వవలసినదే, మిగిలిన చోటు వృథా. రెండవది, వేల ఫైళ్ళను ఒక్కొక్కటిగా తెరచి మూయటానికి చాలా సమయం పడుతుంది. అందుచేత అన్నిటినీ ఒకే పెద్ద ఫైలులో వరుసగా పేర్చి, ఏది ఎక్కడున్నదో తెలిపే పట్టిక ఒకటి చేర్చినారు. ఊరికే గుట్టు కోసం దాచినారని పిల్లలు అనుకుంటారు. దాచటం తరువాత వచ్చినది, పొదుపు ముందు వచ్చినది.

ధ్వనికి ఎంత చోటు పడుతుందో లెక్క చూడండి. ధ్వనిని అంకెలుగా మార్చటమంటే, సెకనులో ఎన్నో వేల సార్లు తరంగం ఎత్తు కొలిచి వ్రాసుకొనటం. ఆనాటి ఆటలలో సెకనుకు 11,025 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతకు ఒక బైటు వాడటం పరిపాటి. బైటులో 0 నుండి 255 దాకా విలువలుంటాయి. 128 అంటే నిశ్శబ్దం. ఈ లెక్కన 1.44 మెగాబైట్ల ఫ్లాపీ నిండా ధ్వనిని నింపినా రెండు నిమిషాల పదమూడు సెకన్లకు మించదు. సంగీతపు సీడీలో సెకనుకు 44,100 కొలతలు, కొలతకు రెండేసి బైట్లు, కుడి ఎడమ రెండు వరుసలు. అంటే సెకనుకు 1,76,400 బైట్లు, సరిగ్గా పదహారు రెట్లు. అందుకే ఆటలవాళ్ళు పిసినారులైనారు. మన చాటుకవులు ఒక్క పద్యంలో కథంతా ఇరికించినట్లు, అరసెకను చప్పుడులో మృగం చావు పలికించేవారు.

ఈ కట్టలలో ప్రసిద్ధమైనది 1993 డిసెంబరు 10న వెలువడిన డూమ్ అనే ఆటది. దానిని చేసినవారు అమెరికాలోని ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థవారు. ఆ కట్ట పేరు 'వాడ్'. "సరుకంతా ఎక్కడున్నది?" అనే ఆంగ్ల ప్రశ్నలోని మాటల మొదటి అక్షరాలను కలిపి చేసిన పేరది. సంస్థలో టామ్ హాల్ అనేవాడు ఈ పేరు సూచించినాడని చెబుతారు. పేరులోనే ప్రశ్న ఉన్న గ్రంథం ఇదొక్కటే కాబోలు.

ఆ కట్ట కట్టిన తీరు నాకెంతో నచ్చినది. మొదటి పన్నెండు బైట్లు పీఠిక. అందులో మొదటి నాలుగు అక్షరాలు ఇది ఏ రకపు కట్టో చెబుతాయి — 'ఐవాడ్' అంటే మూలగ్రంథం, 'పీవాడ్' అంటే దాని మీద అతికే అనుబంధం. తరువాతి నాలుగు బైట్లలో ముక్కల సంఖ్య. చివరి నాలుగింటిలో విషయసూచిక ఎక్కడ మొదలవుతుందో ఆ స్థానం. సూచిక గ్రంథం చివర ఉంటుంది. అందులో ఒక్కొక్క ముక్కకు పదహారు బైట్ల పద్దు. నాలుగు బైట్లు ముక్క మొదలయ్యే చోటు, నాలుగు దాని పొడవు, ఎనిమిది దాని పేరు. అంతే. ఇంత తెలిస్తే కాగితం కలం పెట్టుకొని కూర్చున్నవాడైనా ముక్కలు విడదీయగలడు.

పేరుకు ఎనిమిదే అక్షరాలనే నియమం వలన చమత్కారాలు పుట్టినవి. చప్పుళ్ళ పేర్లన్నీ 'డీఎస్' అని మొదలు కావాలి. మిగిలేవి ఆరు అక్షరాలు. పిస్టల్ అని వ్రాయటానికి ఆంగ్లంలో సరిగ్గా ఆరు పట్టినవి. షాట్‌గన్‌కు ఏడు కావాలి, కనుక అందులో ఒక అచ్చు ఎగిరిపోయినది. తలుపు తెరచుకునే చప్పుడు పేరులో రెండు అచ్చులకు లోపం వచ్చినది. గణం సరిపోనపుడు మనవాళ్ళు చేసిన సంధులు, లోపాలు జ్ఞాపకం వచ్చి నాకు నవ్వాగలేదు. హల్లులే మాటను మోస్తాయని ఏ వ్యాకరణమూ చదువని ఆ కుర్రవాళ్ళకు కూడ తెలిసినది.

ఆ ముక్కను విడదీస్తే దానికి మళ్ళీ చిన్న పీఠిక. రెండు బైట్లలో రకం గుర్తు, రెండింటిలో సెకనుకు ఎన్ని కొలతలో ఆ సంఖ్య, నాలుగింటిలో మొత్తం కొలతలు. ఆ తరువాత ధ్వని. ధ్వనికి ముందు పదహారు, వెనుక పదహారు బైట్ల పాడింపు. పుస్తకానికి అట్టల లోపల వేసే తెల్లకాగితాల వంటివి. ఆ తెల్లకాగితాలను కూడ కలిపి వింటే మొదటనూ చివరనూ 'టిక్'మని చిన్న చప్పుడు వస్తుంది కొన్నిసార్లు.

ఇంత తేటగా కట్టటం యాదృచ్ఛికం కాదు. అంతకు ముందు 1992లో వచ్చిన వుల్ఫెన్‌స్టీన్ త్రీడీ ఆటను జనం తమంతట తామే విప్పి బొమ్మలు, చప్పుళ్ళు మార్చుకున్నారు. అది చూచిన జాన్ కార్మాక్ కోపగించుకోలేదు, పైగా తరువాతి ఆటలో సరుకును యంత్రం నుండి వేరుచేసి, విప్పటానికి వీలుగా కట్టినాడు. 1994లోనే న్యూజిలాండు నుండి బ్రెండన్ వైబర్, బెల్జియం నుండి రఫాయెల్ కినే కలిసి ఆ కట్టను దిద్దే ఉపకరణాన్ని తయారుచేసి ఉచితంగా పంచినారు. అప్పటికి వెబ్ ఇంకా శైశవంలో ఉన్నది. భూగోళానికి ఆ కొస ఈ కొస ఉన్నవారు ఒక ఆట అంతరంగం గురించి ఉత్తరాలు వ్రాసుకొని వ్యాఖ్యానం వ్రాసినారు. మల్లినాథసూరి ముందు మూలం ఎలా విచ్చుకున్నదో, వీరి ముందు ఆ కట్ట అలా విచ్చుకున్నది.

1997 డిసెంబరులో డూమ్ యంత్రపు మూలపాఠాన్నే లోకానికి విడుదల చేసినారు. చిత్రమేమంటే విడుదలైన పాఠంలో డాస్ ఆట ధ్వనిని పలికించిన భాగం లేదు. డాస్ ఆటలో శబ్దాలను నడిపిన గ్రంథాలయం ఇడ్ వారిది కాదు, పాల్ రాడెక్ అనే ఆయన వద్ద అనుమతి పుచ్చుకున్నది. పరుల సొమ్ము కనుక పంచటానికి లేదు. అందుచేత డాస్ పాఠం కాక లినక్సు పాఠాన్ని ఇచ్చినారు. కన్ను ఇచ్చినారు, డాస్ ఆట నోరు ఇవ్వలేదు. తరువాత ఎందరో ఆ నోటిని మళ్ళీ వ్రాసినారు. చప్పుళ్ళు, బొమ్మలు కూడ కంపెనీ హక్కులోనే ఉండిపోయినవి గనుక, వాటికి బదులుగా అన్నీ కొత్తగా చేసి ఉచితంగా ఇచ్చే ఫ్రీడూమ్ అనే ప్రయత్నం మొదలై ఇప్పటికీ సాగుతున్నది.

1996 జూనులో వచ్చిన క్వేక్ ఆటలో కట్ట పేరు 'పాక్' అయినది. పేరుకు ఎనిమిది బదులు యాభై ఆరు అక్షరాలు పట్టినవి. సంపద పెరిగినది. అందులోని చప్పుళ్ళు వేవ్ ఫైళ్ళు. వేవ్ అనేది మైక్రోసాఫ్టు, ఐబీఎం కలిసి 1991లో ఏర్పరచిన పద్ధతి. దాని మొదట 'రిఫ్' అనే నాలుగు అక్షరాలు, తరువాత పొడవు, ఆపైన 'వేవ్' అనే నాలుగు అక్షరాలు తప్పక ఉంటాయి. విడదీసేవారికి ఇది వరమైనది. పీఠిక తెలియని కట్ట ఎదురైనా, అందులో 'రిఫ్' అన్న అక్షరాల కోసం వెదకి, పక్కనే ఉన్న పొడవు చూచి, అంత మేర కోసుకుంటే చాలు. శిథిలమైన కట్టలో 'శ్రీమదుభయ...' వంటి గద్య ఆరంభాలు వెదకటం వంటిదే ఈ పని.

క్వేక్ సంగీతం మరొక విధం. ట్రెంట్ రెజ్నర్ బృందం చేసిన ఆ సంగీతాన్ని కట్టలో పెట్టకుండా సీడీ మీద నేరుగా పాటలుగానే ముద్రించినారు. ఆ సీడీని పాటల పెట్టెలో పెడితే రెండవ పాట నుండి సంగీతం వినబడేది. ఇక్కడ విడదీయవలసిన శ్రమే లేదు. అయితే దీనివల్ల ఒక నష్టం కూడ కలిగినది. సీడీ నుండి ఆటను మాత్రం నకలు తీసుకున్నవారి వద్ద ఆట మిగిలినది, సంగీతం పోయినది. మూకీగా ఆడిన పిల్లలు మన దేశంలో లెక్కలేనంత మంది ఉంటారు. నెట్ సెంటరుకు అసలు సీడీ ఎవరు తెచ్చినారు గనుక!

కొన్ని కంపెనీలు తేటదనం కోరలేదు. లూకాస్‌ఆర్ట్స్ వారి సాహసకథల ఆటలు చాలావాటిలో సరుకు ఫైళ్ళను అంకెల 'క-భాష'లో వ్రాసినారు. మన చిన్నప్పుడు పెద్దలకు తెలియకుండా ప్రతి అక్షరం ముందూ 'క' చేర్చి మాట్లాడుకునేవాళ్ళం గదా, అదే. ఇక్కడ ప్రతి బైటునూ 105 అనే సంఖ్యతో ఒక రకమైన కలయిక చేసినారు. ఆ కలయిక మహిమ ఏమంటే, అదే సంఖ్యతో మరొకసారి కలిపితే అసలు రూపం తిరిగి వస్తుంది. తాళమూ అదే, చెవీ అదే. ఒక్క 'క' తెలిసినవానికి రహస్యమంతా బట్టబయలు. సీడీలు వచ్చిన తరువాత ఈ ఆటలలో పాత్రలు మాట్లాడసాగినవి. 1993 నాటి డే ఆఫ్ ది టెంటకిల్‌లో పాత్రల మాటలన్నీ 'మాన్‌స్టర్' అనే ఒకే పెద్ద ఫైలులో వరుసగా ఉంటాయి. రాక్షసి కడుపులో గొంతులు! ఒక్కొక్క మాట మొదటనూ సౌండ్ బ్లాస్టర్ కార్డు చేసిన క్రియేటివ్ కంపెనీ వారి 'క్రియేటివ్ వాయిస్ ఫైల్' అన్న ముద్ర ఉంటుంది గనుక కోయటం కష్టం కాదు. 2001లో మొదలైన స్కమ్‌వీఎం అనే ఉచిత సాఫ్టువేరు ఈ ఆటలను కొత్త యంత్రాల మీద ఆడించటమే గాక, ఆ ఫైలును విప్పి కుదించే ఉపకరణాలు కూడ ఇస్తున్నది.

ఇక మా ఇంటి సీడీ సంగతి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ కట్టలకు 'డీఆర్ఎస్' అని పేరు. చప్పుళ్ళకు వేరే కట్ట ఉన్నది. దానిని అక్షరాలుగా తెరచి చూస్తే మొట్టమొదటనే ఎన్సెంబుల్ స్టూడియోస్ వారి హక్కు ప్రకటన, 1997 అనే సంవత్సరం, కొద్ది దూరంలో ఆంగ్లంలో 'తెగ' అనే మాట. గద్యను ముందే పెట్టినారన్నమాట. కాని లోపలి పద్దులలో ఒక లోపమున్నది. డూమ్‌లో వలె ముక్కలకు పేర్లు లేవు. సంఖ్య, స్థానం, పొడవు — పద్దుకు పన్నెండు బైట్లు మాత్రమే. విడదీసిన తరువాత మీ ముందు అంకెల పేర్లతో వందల కొద్దీ చప్పుళ్ళు వచ్చి పడతాయి. ఏది గొడ్డలి, ఏది కూలిన గోడ? వినటం తప్ప మార్గం లేదు. నేనూ మనుమడూ రెండు మధ్యాహ్నాలు వరండాలో కూర్చుని ఒక్కొక్కటే విని నోటుపుస్తకంలో వ్రాసినాము. కరెంటు పోయినపుడల్లా వాడు అంతవరకు విన్నవి నోటితో పలికి చూపించేవాడు. 'వొలొలో' రెండవ నాడు దొరికినది. సెకన్ల కొద్దీ కూత, అంతే. ఫోనులో తండ్రికి వినిపిస్తే అవతల మా అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

పీఠికా లేక, గుర్తులూ లేక, ఊరకే కొలతలు పోసిపెట్టిన కట్టలు కూడ ఉంటాయి. వాటికి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్టువేరు పనికివస్తుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 2000లో విడుదలైనది. అందులో ఏ ఫైలునైనా ముడి ధ్వనిగా తెరచే వీలున్నది. కొలతకు ఎన్ని బైట్లు, సెకనుకు ఎన్ని కొలతలు, ఏ బైటు ముందు అని మనమే చెప్పాలి. వేగం సగం చెబితే మనిషి గొంతు పోతరాజు గొంతవుతుంది. రెట్టింపు చెబితే చిలుక పలుకవుతుంది. బైట్ల వరుస తారుమారు చేస్తే వానహోరు తప్ప ఏమీ వినబడదు. సరైన సంఖ్య తగిలినపుడు మాత్రం హోరులో నుండి ఒక్కసారిగా మాట పైకి లేస్తుంది. పాఠపరిష్కరణలో ఒక్క అక్షరం దిద్దగానే పద్యమంతా అర్థమైన క్షణం అనుభవించినవారికి ఈ ఆనందం ఏమిటో చెప్పనక్కరలేదు.

కాలం గడిచి కట్టడం పెరిగినది. 1999 చివరలో వచ్చిన మూడవ క్వేక్‌లో కట్ట మరేదో కాదు, 1989లో ఫిల్ కాట్జ్ రూపొందించిన జిప్ పద్ధతికి పేరు మార్చినది మాత్రమే. జిప్‌లో ప్రతి ముక్కకూ ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. విప్పినపుడు లెక్క కట్టి ఆ సంఖ్యతో సరిపోలితేనే పాఠం చెడలేదని నమ్మకం. మన కోనసీమ ఘనపాఠులు పదం, క్రమం, జట, ఘన అని మంత్రాన్ని ముందుకూ వెనుకకూ తిప్పి వల్లించేది కూడ, ఒక స్వరం జారినా బయటపడటానికే గదా. తరువాత ఫ్మాడ్, వైజ్ వంటి ధ్వనియంత్రాలు వచ్చినవి. ఆటలవారు ధ్వనిభారాన్ని వాటికి అప్పగించినారు. వాటిలో చప్పుళ్ళు గట్టిగా కుదించబడి ఉంటాయి. వైజ్‌లో మరొక చిక్కు. పేరును ఒక గణితసూత్రంలో వేసి 32 బిట్ల సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యనే కట్టలో ఉంచుతారు. పేరు నుండి సంఖ్య వస్తుంది గాని సంఖ్య నుండి పేరు రాదు. విడదీసేవారు ఏం చేస్తారంటే, 'ఇది బహుశా ఖడ్గం' అని ఊహించి, ఆ పేరును సూత్రంలో వేసి, సంఖ్య కలిస్తే పేరు నిర్ధారిస్తారు. లుప్తాక్షరాలను ఛందస్సుతో ఊహించి పూరించే పండితులకు ఇది కొత్త విద్య కాదు. ఈ రకాలన్నిటినీ వినగలిగే వీజీఎంస్ట్రీమ్ అనే ఉచిత ఉపకరణం, కట్టలను విప్పటానికి ఇటలీకి చెందిన లూయిజీ ఔరియెమ్మా వ్రాసిన క్విక్‌బీఎంఎస్ ప్రసిద్ధమైనవి.

నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి ఇప్పుడు చెబుతాను. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగం 1999లో వచ్చినది. అందులో ఒక్కొక్క జాతి సైనికులు తమ తమ భాషలలో బదులు పలుకుతారు. 2013లో 'భారతీయులు' అనే జాతి చేరినది. 2022 ఏప్రిల్ 28న దానిని విడదీసి హిందుస్థానీలు, బెంగాలీలు, ఘూర్జరులు, ద్రావిడులు అని నాలుగు చేసినారు. అదే నెల 4వ తేదీన మన కోనసీమ జిల్లా ఏర్పడినది, అది వేరే ముచ్చట. ఆ ద్రావిడులు మాట్లాడే భాష తమిళం. వారి కథాభాగానికి నాయకుడు రాజేంద్రచోళుడు.

తమిళం పలకటంలో ఆక్షేపణ లేదు. చోళుడు తమిళం గాక మరేం మాట్లాడతాడు? కాని చరిత్ర ఎరిగినవారు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. రాజేంద్రుని సోదరి కుందవ వేంగి చాళుక్య విమలాదిత్యుని భార్య. ఆమె కొడుకు రాజరాజనరేంద్రుడు. రాజేంద్రుని కూతురు అమ్మంగదేవిని పెళ్ళాడి మేనమామకు అల్లుడైనాడు. ఆ రాజరాజనరేంద్రుడు రాజమహేంద్రవరంలో కొలువుదీరి నన్నయ భట్టారకుని చేత భారతాంధ్రీకరణకు శ్రీకారం చుట్టించినాడు. మా కొత్తపేట నుండి పొద్దున బయలుదేరితే మధ్యాహ్న భోజనానికి తిరిగి రావచ్చు, అంత దగ్గర. రాజేంద్రుని కథ చెప్పే ఆటలో ద్రావిడులనే పేరుతో మనలను కూడ కలిపినారు గాని, అల్లుని ఇంటి భాష ఆ పెట్టెలో చేరలేదు. ద్రావిడ భాషలనే మాటకు కాల్డ్‌వెల్ 1856లో ఇచ్చిన విస్తృతార్థం ఒకటి, తమిళమే ద్రావిడమనే పాత వాడుక మరొకటి. ఆటలవారు పేరును మొదటి అర్థంలోనూ గొంతును రెండవ అర్థంలోనూ తీసుకున్నట్లున్నది. మనుమడు ఆ సైనికుల మాటలు విని "తాతయ్యా, ఇది మన భాషేనా?" అని అడిగినాడు. కొన్ని మాటలు వాడికి తెలిసినట్లే తోచినవట. తోస్తాయి మరి, జ్ఞాతులు గదా.

కట్టలు విప్పేవారికి ఇటువంటి సందర్భంలో చేయటానికి పని ఉన్నది. ఆటలో ఏ శబ్దం ఏ సంఖ్యతో ఉన్నదో తెలిస్తే, దాని స్థానంలో మరొక ధ్వనిని పెట్టుకోవచ్చు. రెండవ భాగపు కొత్త ముద్రణలో ఇటువంటి మార్పులకు కంపెనీయే దారి ఉంచినది. ఎవరైనా తెలుగు కుర్రవాడు వేంగి సైనికుని చేత వేంగి మాట పలికించదలిస్తే అడ్డు సాంకేతికం కాదు. ఏ తెలుగు పలికించాలన్నదే అసలు చర్చ. పదకొండవ శతాబ్దపు శాసనాల తెలుగా, నన్నయ తెలుగా, మా అమలాపురం తెలుగా? నా ఓటు శాసనాలకు. సైనికుడు చంపకమాలలో బదులివ్వడు.

తెలుగు గొంతు ఒకటి ఇటువంటి పెట్టెలో చాలాకాలం దాగి బయటపడిన సంగతి కూడ ఉన్నది. గ్రియర్‌సన్ నడిపిన భారతీయ భాషల సర్వేలో భాగంగా 1913 నుండి 1929 వరకు సుమారు తొంభై ఏడు భాషలలో, మాండలికాలలో రెండు వందలకు పైబడిన గ్రామఫోను రికార్డులు తీసినారు. అసలు సర్వే మదరాసు రాజధానిని తాకకపోయినా రికార్డులలో మన ప్రాంతపు భాషలూ చేరినవి. ఎక్కువ భాషలలో వినిపించేది బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథే. అది అందరూ ఒకే కథ చెబితే భాషల తేడా పట్టటానికి సులువని చేసిన ఏర్పాటు. ఆ లక్కపళ్ళాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉండిపోయి, అంకెల రూపానికి మారి, షికాగో విశ్వవిద్యాలయం వారి దక్షిణాసియా గ్రంథాలయం ద్వారా ఇప్పుడు ఎవరైనా వినటానికి వీలుగా ఉన్నవి. ఇవి వినగలుగుతున్నామంటే, ప్రతి పళ్ళానికీ భాష పేరు, చెప్పినవాని వివరం వ్రాసిన పట్టిక ఉండబట్టి.

ఆటల పట్టికలు ఎవరి వద్ద ఉన్నవి? చాలావాటిని చేసిన కంపెనీలే మూతపడినవి. ఎన్సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడినది. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు ఒక అధ్యయనం ప్రకటించినారు. 2010కి ముందు అమెరికాలో వెలువడిన పాత ఆటలలో నూటికి ఎనభై ఏడు ఇప్పుడు కొందామన్నా అంగడిలో లేవని అందులో తేలినది. సీడీలకూ ఆయువు తక్కువ. మా గోదావరి గాలికి వాటి వెండిపూత మీద మచ్చలు పడతాయి. తాటాకుకు పురుగు, సీడీకి తేమ.

చట్టం మాట కూడ చెప్పాలి. మన 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు, ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళు. ఈ లెక్కన 1930లలోని పౌరాణిక నాటక పద్యాల రికార్డులు ఎప్పుడో స్వేచ్ఛ పొందినవి. 1993 నాటి ఆట చప్పుడుకు 2053 ముగిసేదాకా విడుదల లేదు. 2012 సవరణలో, హక్కు కాపాడటానికి వేసిన సాంకేతికపు తాళాన్ని ఆ హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో పగులగొడితే నేరమని 65ఏ సెక్షను చేర్చినారు. కొనుక్కున్న సీడీలోని కూతను ఇంటిలో విని ఆనందించటం ఒకటి, దానిని కోసి అమ్ముకొనటం మరొకటి. ఈ భేదం పిల్లలకు చెప్పే తవ్వకం నేర్పాలని నా అభిప్రాయం. మనుమడికి అలాగే చెప్పినాను.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు నా బీరువాలో ఉన్నది. ఒక్కొక్క పుటలో మూడు గళ్ళు గీసినాము. మొదటి గడిలో సంఖ్య, రెండవ గడిలో ఎన్ని బైట్లు, మూడవ గడిలో మాకు వినిపించినదేమిటో తెలుగులో. 'గొడ్డలి, చెట్టుకు తగిలినది', 'ఏనుగు, చచ్చినది', 'తెలియలేదు, బహుశా పడవ'. తెలియలేదని వ్రాసినవి పదిహేడు ఉన్నవి. దసరా సెలవులకు వాడు మళ్ళీ వస్తాడు, అప్పుడు అవి చూడాలి.